‘సరే పో’ అన్నాడు.. ఇక తెగిపోయినట్టేనా?

అనంతపురం నుంచి ఒక అమ్మాయి ఉత్తరం రాసింది. నాలుగు పేజీలు. వెంట ఫోను స్క్రీన్‌షాట్లు పదకొండు. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి, సంగతి మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకు 26 ఏళ్లు. సొంతూరు తెనాలి దగ్గర. రెండేళ్లుగా అనంతపురంలో బ్యాంకు ఉద్యోగం, ఉండేది లేడీస్ హాస్టల్లో. వాళ్లమ్మ గొలుసు కుదువబెట్టి తీసుకున్న పంట రుణం కట్టేసి, గొలుసు విడిపించుకుపోదామని బ్యాంకుకు వచ్చిన అబ్బాయితో పరిచయమైంది. అతనికి 28. కదిరి వైపు పల్లె. పెనుకొండ దగ్గర విడిభాగాలు చేసే ఒక కంపెనీలో షిఫ్టు ఉద్యోగం. పరిచయం ప్రేమై పద్నాలుగు నెలలు. పదిహేను రోజులకోసారి ఆదివారం అతను అనంతపురం వస్తాడు. ఉగ్గాని బజ్జీ తింటారు, శిల్పారామానికో ఇస్కాన్ గుడికో పోతారు, చీకటి పడేలోపు బస్టాండులో విడిపోతారు. “ఎదురుగా ఉంటే అతనంత మంచి మనిషి లేడు మేడమ్. నేను చెప్పేదంతా వింటాడు. బస్సెక్కాక మాత్రం వేరే మనిషి” అని రాసింది.

బస్సెక్కాక మిగిలేది వాట్సాప్. ఆమె ఇరవై మెసేజ్‌లు పెడితే అతని నుంచి రెండొస్తాయి. నీలం టిక్కులు పడతాయి, గంటలు గడుస్తాయి, జవాబుండదు. రాత్రి రెండింటికి ‘ఆన్‌లైన్’ అని కనిపిస్తాడు, అప్పుడూ పలకడు. ఒకరోజు “మనసు బాలేదు, మాట్లాడాలి” అని పెడితే “ఏంటికి?” అని వచ్చింది. ప్రతి రాత్రీ తప్పకుండా వచ్చేది “తింటివా?” అన్న ఒక్క ప్రశ్నే.

ఇంతలో తెనాలిలో సంబంధం చూశారు. శ్రావణంలో పెట్టుకుందామంటున్నారు. “మీ ఇంట్లో ఎప్పుడు చెప్తావ్?” అని ఆమె మెసేజ్ పెట్టింది. మర్నాడు సాయంత్రం “చూద్దాం” అని వచ్చింది. ఆమె ఆ స్క్రీన్‌షాట్ హాస్టల్ స్నేహితురాళ్ల గ్రూపులో పెట్టింది. ముగ్గురూ కలిసి జవాబు తయారుచేశారు: “నీకు సీరియస్‌నెస్ లేకపోతే చెప్పేయ్, నా దారి నేను చూసుకుంటా.” దానికి అతను “సరే పో” అన్నాడు. నాలుగో రోజు అర్ధరాత్రి ఆమె పెద్ద మెసేజ్ ఒకటి రాసి పంపి, భయమేసి వెంటనే తీసేసింది. తెల్లారి అతను “ఏం పెట్టినావ్?” అని అడిగాడు. “ఏం లేదు” అంది. ఆ తర్వాత ఐదు రోజులు ఇద్దరూ మౌనం.

‘తెగిపోయినట్టేనా? నేనే మళ్లీ మెసేజ్ పెట్టాలా? పెడితే లోకువైపోతానా? లేక ఇంట్లో చూసిన సంబంధానికి సరే అనేయాలా?’ ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, మా చిన్నమ్మాయి వయసు నీది. నువ్వనే పిలుస్తాను. 

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, స్క్రీన్‌షాట్లు మాత్రం నాలుగుసార్లు. ముందు ఆ టిక్కుల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే నీ నాలుగు పేజీల్లో ఒకటిన్నర పేజీ వాటికే పోయింది. ఒక టిక్కంటే మెసేజ్ నీ ఫోను దాటింది. రెండు బూడిదరంగు టిక్కులంటే అవతలి ఫోనుకు చేరింది. అవి నీలమయ్యాయంటే నీతో మాట్లాడే ఆ పేజీ అతని ఫోనులో తెరుచుకుంది. అంతవరకే. చదివాడా, సగం చదివేలోపు సూపర్‌వైజర్ పిలిచాడా, చదివి ఏం రాయాలో తోచక ఫోను జేబులో పెట్టుకున్నాడా, ఇవేవీ ఆ రంగుకు తెలియవు. ‘ఆన్‌లైన్’ కూడా అంతే. వాట్సాప్ అతని కళ్ల ముందు తెరిచి ఉందని మాత్రమే దానర్థం, ఎవరితోనో మాట్లాడుతున్నాడని కాదు. లైను మీద ఉన్నంతసేపూ ఫోను లాకరులో పెట్టాలని నువ్వే రాశావు. నైట్ షిఫ్టువాళ్లకు రాత్రి రెండంటే అన్నం వేళ కావచ్చు. ఆ ఇరవై నిమిషాల్లో ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఏవో వీడియోలు చూసే కుర్రాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు. నీకు జవాబివ్వొచ్చు కదా అంటే, ఇవ్వొచ్చు. నిజమే. కానీ ఇవ్వకపోవడానికి ఇంకో అమ్మాయే కారణం కానక్కర్లేదు. నువ్వు ఆ రెండు గంటల వేళ మేలుకుని ఊహించుకున్నవన్నీ అక్కడి నుంచే పుట్టాయి.

మొట్టమొదటి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో వెళ్లింది. క్రిస్మస్ శుభాకాంక్షలు. అందుకున్నాయన ఫోనులో తిరిగి పంపే వీలే లేదు, అందుకని ఆయన జవాబివ్వలేదు, దానికెవరూ నొచ్చుకోలేదు. 2014 నవంబరులో వాట్సాప్‌లో నీలం టిక్కులొచ్చాక ‘చూసి కూడా పలకలేదు’ అనే కొత్త బాధ ఇంటింటికీ చేరింది. నాకొచ్చే ఉత్తరాల్లో ఈ మాట కనబడని వారం లేదు. కాబట్టి ఇది నీ ఒక్కదాని పిచ్చితనం అనుకోవద్దు.

మెసేజ్‌లంటే నాకు చిన్నచూపు లేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీదకు వచ్చినప్పుడు మేము పాతబస్తీలో ఉన్నాం. మావారు పనిమీద హైదరాబాదు పోయారు. నేను ఇద్దరు పిల్లల్నీ తీసుకుని మేడెక్కాను. కిందింట్లో మంచాలు తేలుతున్నాయి. ఫోనులో బ్యాటరీ ఒక గీత ఉంది. కాల్ కలవదు. ఇంగ్లీషు అక్షరాల్లో “మేడ మీదుండాం” అని కొట్టి పంపాను, కాసేపటికి ఫోను ఆరిపోయింది. అది ఆయనకు ఎప్పుడో రాత్రికి చేరిందట. ఆ చిన్న నోకియా ఫోను ఈరోజుకీ మా బీరువాలో ఉంది. బతికున్నాం, ఇక్కడున్నాం, రేపు వస్తా, బస్సెక్కా.. ఇలాంటివి చెప్పడానికి మెసేజ్‌ను మించింది లేదు. ‘మీ ఇంట్లో ఎప్పుడు చెప్తావ్’ అనే ప్రశ్న ఆ జాతిది కాదమ్మా. దాన్ని నువ్వు మెసేజ్‌లోకి కుక్కావు.

ఇక భాష. ఇక్కడ నీకు నిజంగా ఒక విషయం తెలియాలి. “ఏంటికి?” అంటే నీకు ‘నాతో నీకేం పని’ అన్నట్టు వినిపించింది. మా సీమలో ‘ఎందుకు’ అనే మాటకు ఉన్న మామూలు రూపం అది. “ఏడుస్తావేంటికి” అని పసిపిల్లల్ని ఎత్తుకుని అడుగుతాం. మనసు బాలేదని నువ్వంటే, ఎందుకు బాలేదని అడిగాడు. అంతకంటే ఏమీ లేదు అందులో. అతను ఎదురుగా కూర్చుని అదే మాటంటే నీకు తేడా తెలియదు, కళ్లు చూస్తావు, గొంతు వింటావు. పద్నాలుగు నెలల్లో అతను నీతో ఆ మాట ముఖాముఖి వందసార్లు అనుంటాడు, నువ్వు గమనించి ఉండవు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేటప్పుడు ఉన్న దీర్ఘాలు కూడా ఎగిరిపోతాయి, ఇక ముద్దుగా సాగదీసిన మాటేదో, విసుక్కున్న మాటేదో ఎట్లా తెలుస్తుంది?

‘సరే పో’ కూడా అట్లాంటిదే. మావైపు మాట చివర ‘పో’ తగిలించడం అలవాటు. “చెప్పు పో”, “అట్లే కానీ పో”, “తిను పో”. అందులో పొమ్మనడం ఉండదు. నీకు మాత్రం అది గుమ్మం దాటమన్నట్టు తగిలింది. అయితే ఒకటి, ఇక్కడ నేను నీకు అభయం ఇవ్వలేను. ‘నా దారి నేను చూసుకుంటా’ అన్నదానికి జవాబుగా వచ్చింది కాబట్టి అది నిజంగానే ‘సరే, పో’ కావచ్చు. లేదా ‘నీ ఇష్టం’ అన్న అలక కావచ్చు. లేదా ఊరికే వచ్చిన ఊతపదం. నాలుగుసార్లు చూసినా నాకు తేలలేదు. మీ హాస్టల్ గదిలో ముగ్గురు కూర్చుని తేల్చేశారంటే, తేల్చింది అతని మనసును కాదు.

ఆ ముగ్గురి దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. నీ ఉత్తరంలో అది ఒక్క వాక్యం: ‘స్నేహితురాళ్లు హెల్ప్ చేశారు’. కానీ స్క్రీన్‌షాట్లు చూస్తుంటే, ఏది నువ్వు రాశావో ఏది వాళ్లు రాశారో నాకే తెలిసిపోయింది. నిన్ను ఎప్పుడూ చూడనిదాన్ని నేను. “ఇవాళ పింఛన్ల రోజు, తల ఎత్తలేదు, ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుని వేలిముద్ర పడేదాకా వదల్లేదు” అని ఒకటి ఉంది చూడు, అది నువ్వు. చదవగానే నీమీద ఇష్టం కలిగింది. “నీ ప్రయారిటీస్ ఏంటో క్లియర్ చేసుకో” అన్నది నువ్వు కాదు. “నా దారి నేను చూసుకుంటా” నువ్వు కాదు. పద్నాలుగు నెలలు నీ మాట చదివినవాడికి ఆ తేడా తెలియదా? ఆ రోజు తన ఫోనులో ఎవరో కొత్త మనిషి మాట్లాడుతున్నట్టు అనిపించి ఉంటుంది. అతనూ నీలాగే ఆ రాత్రి ఏమేమో ఊహించుకుని ఉండొచ్చు.

స్నేహితురాళ్లు చెడ్డవాళ్లని నేననడం లేదు. రాత్రి నువ్వు ఏడుస్తుంటే పక్కన కూర్చుంది వాళ్లే. ఏడుపు వాళ్లకు చెప్పుకో, ధైర్యం అడుగు. మాట మాత్రం నీదే ఉండాలి. పైగా ఇంకో సంగతి ఆలోచించు: అతను నిన్ను నమ్మి, వాళ్ల నాన్న అప్పుల గురించి రాసిన మెసేజ్ కూడా ఆ గ్రూపులో పెట్టానన్నావు. అది అతని ఇంటి గుట్టు. రేపు అతని భార్యగా ఆ ఇంటికి పోతే ఆ ముగ్గురి ముందు మీ మామగారిని ఎట్లా పరిచయం చేస్తావు? అతనికి ఆ సంగతి ఇంకా తెలియదు. వేరేవాళ్ల ద్వారా తెలిసేలోపు నువ్వే చెప్పడం మంచిది. చెప్తే కోపం రావచ్చు, కొన్నాళ్లు బిగుసుకోవచ్చు. చెప్పకపోతే అది ఎప్పుడో బయటపడుతుంది, అప్పుడు కోపం వచ్చేది స్క్రీన్‌షాట్ మీద కాదు, ఇన్నాళ్లు దాచినందుకు. ముందు ఆ గ్రూపులోంచి అవన్నీ తీయించు. 

తీసేసిన ఆ అర్ధరాత్రి మెసేజ్ సంగతి కూడా. అది పోయినా, ‘ఈ మెసేజ్ డిలీట్ చేశారు’ అన్న గీత అక్కడ మిగిలింది. ఏముందో చూడలేడు, ఏదో ఉందని మాత్రం తెలుసు. మామూలుగా తానుగా పలకని అబ్బాయి, అలిగి ఉన్న అబ్బాయి, తెల్లారేసరికి “ఏం పెట్టినావ్?” అని అడిగాడు. ఆ రోజువారీ ‘తింటివా’ పక్కనపెడితే, నీ స్క్రీన్‌షాట్లన్నిటిలో అతను ముందుగా వచ్చి తలుపు తట్టింది ఆ ఒక్కసారే. నువ్వు “ఏం లేదు” అని మూసేశావు. నిన్ను తప్పుపట్టడానికి కాదమ్మా చెప్పేది. తెగిపోయిందా అని అడిగావు కదా, ఆ తెల్లవారికి తెగలేదు. తెంపుకున్నవాడు అడగడు.

‘తింటివా’ గురించీ రాశావు, రోజూ ఒకటే ప్రశ్న, విసుగని. అది ప్రేమకు రుజువని నేననను, మావైపు గుమ్మంలోకి ఎవరొచ్చినా అడిగే మాటే అది. కానీ ఎ షిఫ్టయినా సి షిఫ్టయినా, తారీఖులు చూసుకుంటూ పోయాను, ఈ గొడవ దాకా ఒక్కరాత్రి కూడా తప్పలేదు. మాటలు రానివాడు ఉన్న ఒక్క మాటనూ వాడుకుంటున్నాడేమో. నువ్వు దానికి చాలా రోజులుగా ‘ఊ’ అనే అంటున్నావు.

ఇంతవరకూ అతని తరఫు వకీలులా మాట్లాడానని నీకు అనిపిస్తుంది. ఇప్పుడు ఇంకో వైపు. ‘చూద్దాం’ అన్న మాటను నేను ఏ యాసతోనూ కాపాడలేను. ఎక్కడైనా చూద్దాం అంటే చూద్దామే. పద్నాలుగు నెలలైంది. ఇంట్లో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నీకూ చెప్పలేదు. వాళ్లక్కకు ఇంకా సంబంధం కుదరలేదని నువ్వే రాశావు. అక్క పెళ్లి కాకుండా తమ్ముడు ప్రేమపెళ్లి ఎత్తితే మా పల్లెల్లో ఆ అక్కకు వచ్చే సంబంధాలు కూడా ఆగుతాయి. అది నిజమైన ఇబ్బంది, చిన్నది కాదు. అదే కారణమైతే అతను ఆ మాట నీకు చెప్పాలి, ఎప్పటిదాకా ఆగమంటున్నాడో చెప్పాలి. నువ్వు ఆగాలా వద్దా అన్నది అప్పుడు నీ చేతిలో ఉంటుంది. ఏమీ చెప్పకుండా నిన్ను శ్రావణం దాకా వేలాడదీయడం అన్యాయం. మెసేజ్‌లు రాయడం చేతకాకపోవడం వేరు, చెప్పాల్సింది చెప్పకుండా మెసేజ్ చాటున దాక్కోవడం వేరు. అతను ఈ రెండిట్లో ఎవరో నీకింకా తెలియదు. నాకూ తెలియదు. 

తెలుసుకోడానికి నాకు కనిపించే దారి, కూర్చుని మాట్లాడటం. దానికి ముందు ఫోన్ చెయ్యి, మెసేజ్ వద్దు. ఫోన్‌లో కూడా అన్నీ విప్పకు. “ఆదివారం రా. మా ఇంట్లో సంబంధం చూశారు, దాని గురించి నీతో మాట్లాడాలి” అను. ఊరికే ‘మాట్లాడాలి’ అనొద్దు, ఆ ఒక్క మాటకు మగపిల్లలు బెదిరిపోతారు, దేని గురించో చెప్తే ఆలోచించుకుని వస్తాడు. వచ్చాక ఫోన్లు రెండూ సంచీలో పడేయండి. స్నేహితురాళ్లు రాసిచ్చిన సంగతి, తీసేసిన మెసేజ్‌లో ఏముందో, నువ్వే మొదట చెప్పు. తర్వాత నీ ప్రశ్న అడుగు: ఇంట్లో ఎప్పుడు చెప్తావు, ఏది అడ్డం? ఒక నెల పేరో, ఒక పండగ పేరో చెప్తే, అక్క సంబంధం తేలగానే అని లెక్క చెప్తే, మీవాళ్లతో నువ్వు మాట్లాడటానికి నీ చేతిలో ఒక ఆధారం ఉంటుంది. మళ్లీ ‘చూద్దాంలే’ అంటే, అది కూడా జవాబే. ఈసారి కళ్లారా చూసి, చెవులారా విన్న జవాబు. ఆ సాయంత్రం బస్టాండు నుంచి హాస్టల్‌కు నడవడం కష్టంగా ఉంటుంది, కానీ టిక్కులు చూసుకుంటూ పడుకునే రాత్రులు ఆగుతాయి.

అతను రానంటే? ఒక ఆదివారం షిఫ్టుందంటే నమ్ము. రెండోసారీ ఏదో చెప్తే, నువ్వే ఒకసారి పెనుకొండ దాకా బస్సెక్కు, పట్టపగలు, మీ హాస్టల్లో ఒకరికి చెప్పి. లోకువైపోతానా అనడిగావు. పద్నాలుగు నెలల మాటను తేల్చుకోడానికి గంటన్నర ప్రయాణం చేస్తే లోకువ ఏముంది? నువ్వు వస్తున్నావని తెలిసీ కంపెనీ గేటు బయటికి రాలేదనుకో, అప్పుడు తిరుగు బస్సులో నీకు ఇక ప్రశ్నలుండవు.

ఏమీ చేయకుండా అతనే పలకాలని ఎదురుచూడొచ్చు. చాలామంది అదే చేస్తారు. అతనూ నీకోసం అట్లాగే కాచుకుని ఉంటే, మీ మౌనం నడుస్తుండగానే తెనాలిలో తాంబూలాలు పుచ్చుకుంటారు.

మీ అమ్మానాన్నలకు ముందే చెప్పేయడం ఇంకో దారి. సంబంధం ముందుకు పోకుండా ఆగుతుంది, అబద్ధమాడే భారం తగ్గుతుంది. కానీ వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘ఆ అబ్బాయి ఏమంటున్నాడు’ అని. ‘చూద్దాం అన్నాడు’ అని చెప్పగలవా? అందుకే ఆదివారం తర్వాతైతే మేలని నాకనిపిస్తుంది. ఈలోపు ‘నాకు కొంచెం టైమివ్వండి’ అని అమ్మతో అంటే చాలు. అబద్ధం కాదు అది.

కోపంతో ఆ సంబంధానికి సరే అనడం మాత్రం.. అమ్మా, ఆ తెనాలి అబ్బాయి ఎవరో నాకు తెలియదు, నీకూ తెలియదు. అతనికి ఇందులో ఏ పాపమూ తెలియదు. ‘సరే పో’కు జవాబుగా ఒకరిని పెళ్లి చేసుకోకూడదు. కదిరి అబ్బాయి కథ ముగిసి, నీ మనసు కుదుటపడ్డాక అదే సంబంధాన్ని మళ్లీ చూస్తానంటే నేను వద్దనను.

ఆదివారం తర్వాత మీరిద్దరూ కలిసే ఉంటే, రోజువారీ గొడవకు రెండు చిన్న పనులున్నాయి. ఒకటి, నెల మొదట్లోనే అతని షిఫ్టుల పట్టిక నీకు పంపమను. సి షిఫ్టు వారంలో పగలు నిద్రపోతుంటాడని తెలిస్తే మధ్యాహ్నం మౌనానికి వేరే అర్థాలు వెతకవు. రోజులో ఒక పది నిమిషాలు మాట్లాడే వేళ పెట్టుకోండి, ముచ్చట్లన్నీ దానికి దాచుకో. రెండు, నీలం టిక్కులు సెట్టింగ్స్‌లో ఆపేసుకోవచ్చు. నువ్వు ఆపితే నీకూ అవతలివాళ్లవి కనిపించవు, గ్రూపుల్లో తప్ప. మొదటి వారం పిచ్చెక్కినట్టుంటుంది, చెయ్యి మాటిమాటికీ ‘లాస్ట్ సీన్’ మీదకు పోతుంది. పదిహేను రోజులు ఓర్చుకుని చూడు, నచ్చకపోతే మళ్లీ పెట్టుకో. అయితే ఇద్దరూ అనుకుని ఆపండి. చెప్పకుండా ఆపితే ‘నా నుంచి ఏం దాస్తోంది’ అని అతను మొదలుపెడతాడు. అతని ఫోను చూపించమని, లాక్ నంబరు చెప్పమని మాత్రం అడగొద్దు. మీ స్నేహితురాళ్లలో ఒకరు ఆ సలహా ఇచ్చారని రాశావు. ఒకసారి చూసి ఏమీ దొరకకపోతే రెండోసారి చూడాలనిపిస్తుంది, దానికి అంతుండదు.

ఈ వారం అతనికి బి షిఫ్టు అని నీ ఉత్తరం చివర రాశావు. అంటే మధ్యాహ్నం రెండు దాకా గదిలోనే ఉంటాడు. నువ్వు బ్యాంకుకు బయల్దేరేముందు, తొమ్మిది లోపల, హాస్టల్ మేడ మీదికి ఒక్కదానివే పోయి ఫోన్ చెయ్యి. మొదటి మాట ఏమనాలో తోచకపోతే, ‘తింటివా’ అని అతని మాటే అడుగు.